పికిలిపిట్ట రూపం
(ఆలయ ఆవరణలో జరిగిన సాయంకాల సభలోని ప్రసంగ పాఠం)



పక్షులను గురించి నాలుగు మాటలు చెప్పవలసిందిగా ధర్మకర్తల మండలివారు నన్ను ఆదేశించారు. మన వాహన మండపంలో గరుడుడున్నాడు, హంస ఉన్నది. నేను చెప్పదలచిన పక్షికి అక్కడ చోటు లేదు. అది మన పెరటి పికిలిపిట్ట. పిగిలిపిట్ట అని కూడా అంటారు. నేటి పిల్లలకు బుల్‌బుల్ అంటే తెలుస్తుంది. అయితే పారసీక కవులు కీర్తించిన బుల్‌బుల్ వేరొక పక్షి. పేరు మాత్రమే మన పిట్టకు సంక్రమించింది.

ఈ పక్షికీ నాకూ మధ్య ఒక విషయం జరిగింది. అది చెప్పకుండా దాని రూపాన్ని వర్ణించడం నాకు సాధ్యం కాదు.

ఆలయం వెనుకనున్న తోటలో సపోటా చెట్లు మీ అందరికీ తెలిసినవే. స్వామివారి నైవేద్యానికి ఉద్దేశించిన పండ్లను పిట్టలు పొడిచి పాడు చేస్తున్నాయని గత సంవత్సరం తోటమాలి మొరపెట్టుకున్నాడు. చెట్లపై నైలాను వల కప్పుదామని సూచించినది నేనే. ముప్పై ఏళ్లు జంతుశాస్త్రం బోధించినవాడి మాట గనుక మండలిలో ఎవరూ కాదనలేదు.

చైత్రమాసంలో ఒకనాటి ఉదయం తోటమాలి వచ్చి, "మాస్టారూ, ఒకసారి రండి" అని మాత్రం అన్నాడు. వలలో ఒక పికిలిపిట్ట తలక్రిందులుగా వ్రేలాడుతున్నది. కత్తెరతో పోగులు తెంపి చేతిలోకి తీసికొనేసరికి ప్రాణం లేదు. వెచ్చదనం మాత్రం ఇంకా ఉన్నది.

సిగ్గుతో చెబుతున్నాను. ఈ పక్షిని వేలసార్లు చూచిన నేను, నిజంగా చూచినది ఆనాడే. దూరం నుండి అది నల్లని పిట్ట. నలుపు తలకు, కంఠానికి మాత్రమే పరిమితమని చేతిలో ఉన్నప్పుడు తెలిసింది. నడినెత్తిమీద పొట్టి కుచ్చు ఉన్నది. అది బెదిరినప్పుడు, కోపించినప్పుడు నిక్కబొడుచుకుంటుంది. అందువల్లనే తల కొంచెం నలుపలకలుగా కనబడుతుంది. వీపుమీద, రొమ్ముమీద ఈకలు ముదురు గోధుమవన్నెవి. ప్రతి ఈకకూ అంచున లేత రంగు గీత. ఒకదానిపై ఒకటి పేర్చి ఉండటంచేత అవి చేప పొలుసులవలె భాసిస్తాయి. ఎవరు దిద్దారో అన్నట్లుగా ఏ గీతా ప్రక్క గీతను తాకదు. పొట్ట క్రిందికి పోయేకొలది రంగు పలచబడి తెల్లబడుతుంది. తోక మొదట, వీపు చివర ఒక తెల్లని మచ్చ ఉన్నది. కూర్చున్నప్పుడు రెక్కలు దానిని కప్పివేస్తాయి, ఎగిరినప్పుడు మాత్రమే తళుక్కుమంటుంది. తోక ముదురు రంగు, కొనలు తెలుపు. ముక్కూ కాళ్లూ నలుపు. ముక్కుకొస నుండి తోక చివరి వరకు సుమారు 20 సెంటీమీటర్లు.

ఇక తోక క్రింద ఎరుపు! కుంకుమ అద్దినట్లున్న ఆ చిన్న కుచ్చు ఈ జాతికి గుర్తు. పక్షి కొమ్మమీద మనవైపు తిరిగి కూర్చుంటే అది అంతగా కనబడదు. అరకు కొండలవైపు వెళ్లినవారు చెంపమీద ఎర్రని మచ్చ, నిటారైన మొనదేలిన జుట్టు గల మరొక పికిలిపిట్టను చూచి ఉంటారు. అది దీని దాయాది.

ఒక చిన్న వినోదం. 1766లో లినేయస్ ఈ పక్షికి శాస్త్రీయ నామం పెడుతూ, ఇది ఆఫ్రికా దక్షిణాగ్రానిదని పొరబడి 'కాఫర్' అన్నాడు. ఆ పొరపాటు పేరే నేటికీ నిలిచి ఉన్నది. దీనిని మనవారి నోట విని వ్రాసినవాడు జెర్డన్. నెల్లూరులో వైద్యునిగా పనిచేసి, యానాదుల వద్ద పక్షుల, జంతువుల పేర్లు సేకరించినవాడు. పందేలకోసం వీటిని పెంచేవారని, పోరులో ఒకటి మరొకదాని ఎర్రని ఈకలు పీకజూస్తుందని ఆయన వ్రాశాడు. అస్సాంలో హాజోలోని హయగ్రీవ మాధవాలయం వద్ద మాఘ బిహు నాడు ఈ పిట్టలకే పోటీలు పెట్టే ఆచారం ఉండేది. ఆ వివాదం న్యాయస్థానం వరకు వెళ్లింది. ఆకలితో ఉంచిన పక్షులను పోరాడించడం నాకు సమ్మతం కాదు. కాని వల కప్పినవాడికి ఇతరులను అనే అర్హత ఎంత అని కూడా తోచింది.

చనిపోయినది మగదా, ఆడదా అని తోటమాలి అడిగాడు. చెప్పలేకపోయాను. నెమలికి, కోకిలకు ఉన్నట్లు వీటికి వేషభేదం లేదు. రెండూ ఒకే రూపం. పురుగు నోట కరచుకొని మరొక పికిలిపిట్ట నందివర్ధనం పొదలోకి పోవడం అప్పుడే చూశాము. కొమ్మలు తొలగించి చూస్తే గిన్నెవంటి గూడు, అందులో మూడు పిల్లలు. మిగిలినది తండ్రియో, తల్లియో తెలియదు. ఆ రోజు ప్రొద్దుగూకేవరకు నేను తోటలోనే కూర్చున్నాను. అది ఒక్కటే వచ్చింది, పోయింది, వచ్చింది. వల ఆనాడే విప్పించాను. మూడు పిల్లలలో రెండు ఎగిరిపోయాయి. వాటికి తోక క్రింద ఎరుపు ఇంకా తేరలేదు. వెలసిన నారింజవన్నెలో ఉన్నది. ఒళ్లంతా మట్టిరంగు, కుచ్చు నామమాత్రం.

వల తీసివేసినందుకు కొందరు భక్తులు నొచ్చుకున్నారు. పక్షి పొడిచిన పండు నివేదనకు పనికిరాదన్న వారి మాట న్యాయమే. మరికొందరు శబరిని ఉదాహరించారు. ఆ చర్చలోకి నేను దిగను, అర్చకస్వాములు ఉన్నారు. తోట సంగతి మాత్రం చెప్పగలను. చేతికందే కొమ్మల పండ్లకు నూలుబట్ట సంచులు కడితే పిట్ట ముక్కు తగలదు, కాలు చిక్కదు. నైవేద్యానికి ఆ పండ్లు చాలునని లెక్క చూచుకున్నాము. పై కొమ్మలను వదిలివేస్తున్నాము.

ఈ సంవత్సరం మూడువందల సంచులు కావలసి ఉన్నది. ఇంతవరకు కుట్టినవి డెబ్బది. ఇంట ఉతికిన పాత పంచెలు, నూలు చీరలు ఉన్నవారు ఆలయ కార్యాలయంలో అందజేయండి. కుట్టుమిషను ఉన్నవారు నాతో మాట్లాడండి, కొలత ఇస్తాను. జానెడు పొడవు, నోటికి నాడా ఉంటే చాలు. నైలాను బట్ట మాత్రం తేవద్దు.