ట్రాక్టరు బ్యాటరీ మాటిమాటికి ఏల దిగిపోవును?

కాలువకు నీరు వదలినారు. నారు ముదురుచున్నది. దమ్ముచక్రములు తగిలించి, తెల్లవారుజామున తాళము త్రిప్పగా ట్రాక్టరు ‘టక్’ మని ఒక్క శబ్దము చేసి మిన్నకుండినది. నలుగురు చేరి త్రోయగా ఎట్లో కదలినది. మరునాడు మరల అదే కథ. ఇట్టి అనుభవము లేని ట్రాక్టరు యజమాని మన డెల్టాలో అరుదు. అప్పుడు మనము చేయు మొదటి పని క్రొత్త బ్యాటరీ కొనుట. నా అభిప్రాయములో అది చిట్టచివర చేయవలసిన పని.

నేనును ఆ పొరపాటు చేసితిని. దాళ్వా కోతలైన పిదప, రెండేండ్లు కూడ నిండని బ్యాటరీని తీసివేసి క్రొత్తది పెట్టించితిని. ట్రాక్టరును పాకలో నిలిపితిని. మూడు వారములకు తాళము త్రిప్పగా క్రొత్తదియు పాతదాని దారినే పోయియున్నది. ఇంటిలో దొంగను ఉంచుకొని క్రొత్త సొమ్ములు చేయించినట్లైనది నా పని.

బ్యాటరీని ధాన్యపు గాదెగా భావింపుడు. గాదె చిల్లిపడవచ్చును. లోనికి ధాన్యము చేరకపోవచ్చును. ఎవరో రాత్రివేళ తోడుకొనిపోవచ్చును. లేదా గాదె నిండుగా ఉండియు తలుపు తెరచుకొనకపోవచ్చును. కడపటిదే మొదట చూడవలెను. అందులో ఖర్చు లేదు.

బ్యాటరీ కొనలమీద తెల్లగానో పచ్చగానో పొక్కు కట్టినచో వంటసోడా కలిపిన వేడినీటితో కడిగి, గీకి, బిగించి, పైన వాసెలీను పూయవలెను. ఎర్తు పట్టీ ఇంజను ఒంటికి తగులుచోట రంగు, త్రుప్పు ఉండరాదు. “లైట్లు వెలుగుచున్నవి గదా, తీగలు బాగుగనే యున్నవి” అని పలువురు మోసపోవుదురు. లైట్లకు కావలసినది కొద్ది ఆంపియర్లు. సెల్ఫు త్రిప్పుటకు వందలకొలది కావలెను. సన్నని సందులో మనిషి దూరును గాని బండి దూరదు. వోల్టు మీటరు కొనలలో ఒకటి బ్యాటరీ నెగటివు కొనపై, రెండవది ఇంజను ఒంటిపై ఆనించి, మరియొకరిచే సెల్ఫు కొట్టింపుడు. అర వోల్టుకు మించి చూపినచో దోషము ఎర్తుదే. గేరు న్యూట్రలులో ఉన్నదో లేదో ముందుగా చూచుకొనుడు.

ఇక గాదె సంగతి. పన్నెండు వోల్టుల బ్యాటరీలో ఆరు గదులుండును. నిండుగా ఛార్జి చేసి ఒక రాత్రి కదలించక ఉంచిన బ్యాటరీ ఇంచుమించు 12.6 వోల్టులు చూపవలెను. 12.2 అనగా సగము. 12 కు దిగినచో దాదాపు అడుగంటినట్లే. మూతలున్న బ్యాటరీ అయినచో హైడ్రోమీటరుతో గది గదికి చూడవలెను. నిండిన పిదప కూడ ఒక గదిలో సాంద్రత తక్కినవానికన్న 0.050 తగ్గియున్నచో ఆ గది చెడినట్లే. అప్పుడు క్రొత్తది కొనుట న్యాయము. పలకలు తేలియున్నచో డిస్టిల్డు నీరే పోయవలెను. బావినీరు, ఆమ్లము పోయరాదు.

ఛార్జి ఎక్కుచున్నదా లేదా యని తెలిసికొనుట సులభము. ఇంజను మధ్య వేగమున తిరుగునప్పుడు బ్యాటరీ కొనలవద్ద 13.8 మొదలు 14.4 వోల్టుల వరకు ఉండవలెను. పన్నెండున్నర దాటనిచో ఫాను బెల్టును బొటనవ్రేలితో నొక్కి చూడుడు. అర అంగుళమునకు మించి బాగుగ లోనికి పోయినచో అది జారుచున్నదని అర్థము. బెల్టు బాగుగ నున్నచో ఆల్టర్నేటరును మెకానిక్కునకు చూపవలెను. పదునైదు దాటినను చేటే. లోని నీరు ఉడికిపోవును.

నా దొంగ మాత్రము ఇందులో ఎక్కడను దొరకలేదు. తాళము తీసి, స్విచ్చులన్నియు ఆపి, నెగటివు తీగను ఊడదీసి, ఆ తీగకును బ్యాటరీ కొనకును నడుమ మీటరును ఆంపియర్ల గుర్తు వద్ద నిలిపి కలిపితిమి. అట్లున్నప్పుడు సెల్ఫు ముట్టరాదు, మీటరు మాడిపోవును. సాధారణమైన ట్రాక్టరులో ముల్లు సున్న దగ్గరనే ఉండవలెను. 50 మిల్లీ ఆంపియర్లు దాటినచో అనుమానింపవలసినదే. మాది 200 చూపినది! గంటకు 0.2 చొప్పున దినమునకు 4.8 ఆంపియరు గంటలు. 88 ఆంపియరు గంటల బ్యాటరీ పదునెనిమిది దినములలో ఖాళీ. నా మూడు వారముల లెక్క సరిపోయినది.

ఫ్యూజులు ఒక్కొక్కటే తీసి చూచితిమి, ముల్లు కదలలేదు. అనగా ఫ్యూజుతో పనిలేక నేరుగా బ్యాటరీకి కలిపిన తీగ ఏదో ఉండవలెను. వెదకగా, డ్రైవరు ముచ్చటపడి అమర్చుకొన్న పాటల పెట్టె కనబడినది. పాట ఆగినను దాని వెనుక భాగము గోరువెచ్చగ నున్నది. రేడియోలో కూర్చుండి పాటల పెట్టెపై నింద మోపుట నాకు సంకోచముగనే యున్నది. కాని ముల్లు అబద్ధమాడదు. ఆ తీగను తాళము తరువాతి వైపునకు, ఫ్యూజుతో సహా, మార్చితిమి. మీటరు సున్నకు వచ్చినది. మార్పిడి క్రింద ఇచ్చివేసిన పాత బ్యాటరీలో అసలు దోషమున్నదో లేదో నేటికిని నాకు తెలియదు.

పూర్తిగ దిగిన బ్యాటరీని అట్లే ఉంచినచో పలకలపై సీసపు సల్ఫేటు గట్టిపడి, తరువాత ఎంత ఛార్జి ఎక్కించినను కరుగదు. కనుక సార్వాకు, దాళ్వాకు నడుమ ట్రాక్టరు నిలిచియుండు దినములలో నెగటివు తీగను ఊడదీసి ఉంచుడు. తీయునప్పుడు నెగటివు ముందు, తగిలించునప్పుడు నెగటివు చివర. ఇంజను తిరుగుచుండగా బ్యాటరీ తీగ తీయరాదు. ఛార్జి అగుచున్న బ్యాటరీ దగ్గర చుట్ట కాల్చువారిని దూరముగ పంపుడు. అందులోనుండి వెలువడు వాయువు నిప్పురవ్వ తగిలినంతనే ప్రేలును.