చెవిలోని గుబిలి - నీటి పిచికారి
(పాఠశాల ఆరోగ్య దినోత్సవ సభలో ఒక వైద్యుడు చేసిన ప్రసంగము)

 

నేడు నేను చెప్పబోవునది చిన్న విషయమే. కాని దానిని ఉపేక్షించినచో ఒక బాలునికి అన్యాయము జరుగవచ్చును. మన పిల్లలు ఇంట తెలుగును, వీధిలో తమిళమును, పాఠములలో ఇంగ్లీషును వినుచు పెరుగుచున్నారు. వారిలో ఒకడు పిలిచినప్పుడు పలుకకున్నను, చెప్పినదానిని తప్పుగా వ్రాసినను, “వీనికి భాష పట్టుబడలేదు”, “వీనికి శ్రద్ధ లేదు” అని మనము తొందరపడి తీర్మానింతుము. వాని చెవిలోనికి ఎవరైన చూచిరా యని ముందుగా విచారింపవలెను.

గుబిలి మురికి కాదు. చెవిద్వారమునకు చేరువనున్న గ్రంథులు దానిని పుట్టించును. అది దుమ్మును పట్టి యుంచి, లోపలి చర్మమును కాపాడును; చర్మపు పెరుగుదలవలనను, దవడ కదలికవలనను తనంత తానే వెలుపలికి వచ్చును. పెద్దవారికి చెవిదారి పొడవు సుమారు 2.5 సెంటీమీటర్లు మాత్రమే. అందులో అగ్గిపుల్లను గాని, పిన్నీసును గాని, దూది చుట్టిన పుల్లను గాని దూర్చినచో గుబిలి లోపలికి కూరబడి, దారి నంతయు మూసివేయును. అప్పుడు వినికిడి మందగించును, చెవి దిబ్బడ వేయును, హోరు వినబడును. తలస్నానము చేసిననాడు తడికి గుబిలి ఉబ్బి, హఠాత్తుగా చెవి మూసికొనిపోవుటయు కలదు.

ఇట్టి గుబిలిని తీయుమార్గములలో నీటితో కడుగుట ఒకటి. వైద్యుడు మొదట దీపముగల పరికరముతో చెవిలోనికి చూచును. గుబిలి గట్టిగా నున్నచో, మెత్తబడుటకు కొన్ని దినములు చుక్కలమందు వేయించును. పిమ్మట చెవిక్రింద పళ్లెమును పట్టించి, చెవిని పెద్దవారికి పైకి వెనుకకును, పసివారికి క్రిందికి వెనుకకును లాగి, దారిని సరిచేయును. నీటిధారను సూటిగా కర్ణభేరిపై పడనీయక, చెవిదారి పైగోడ వెంబడి పోనిచ్చును. ఆ నీరు గుబిలి వెనుకకు చేరి, తిరిగి వచ్చుచు దానిని వెలుపలికి త్రోయును. ఒత్తిడిని అదుపులో నుంచు యంత్రములు నేడు కలవు. నొప్పి కలిగినచో వెంటనే ఆపవలెను.

నీరు శరీరపు వెచ్చదనమునకు సమముగా, సుమారు 37 డిగ్రీల సెంటీగ్రేడు ఉండవలెను. ఏలయన, చల్లని నీటివలనను, వేడి నీటివలనను లోచెవిలోని ద్రవము చలించి తల తిరుగును. వియన్నాలో రాబర్ట్ బారానీ యను వైద్యుడు రోగుల చెవులు కడుగుచు దీనిని గమనించెను. చల్లని నీటికి కనుగ్రుడ్లు ఒక దిక్కునకును, వేడి నీటికి ఎదుటి దిక్కునకును అదరుచుండెను. లోచెవి శరీరమును నిలకడగా నుంచు తీరును గూర్చిన పరిశోధనలకు ఆయనకు 1914వ సంవత్సరపు నోబెల్ బహుమానము లభించెను.

అందరి చెవులను నీటితో కడుగరాదు. కర్ణభేరికి రంధ్రమున్నవారికిని, చీము కారుచున్నవారికిని, చెవికి శస్త్రచికిత్స జరిగినవారికిని ఇది తగదు. చెవిలో గింజ పడినచో నీటికి ఉబ్బి మరింత బిగియును. చిన్న గుండ్రని బ్యాటరీ పడినచో నీరు పోయక, క్షణమైన జాగు చేయక ఆసుపత్రికి తీసికొనిపోవలెను. కావుననే ఇంటివద్ద పిచికారి పట్టవలదనుచున్నాను. చూడకుండ కడుగుటయే ప్రమాదము.

తల్లులారా! బాధ కలిగింపని గుబిలిని అట్లే విడువుడు. ఉపాధ్యాయులారా! పలుమారు “ఏమండీ?” అని అడుగు బాలుని, తల ఒకవైపు త్రిప్పి వినెడి బాలికను గుర్తించి తల్లిదండ్రులకు తెలుపుడు. గుబిలి తీసిన పిమ్మటను సరిగా వినబడకున్నచో వినికిడి పరీక్ష చేయింపవలెను. విద్యార్థులారా! వినబడనప్పుడు సిగ్గుపడి మౌనముగా కూర్చుండకుడు, వినబడలేదని చెప్పుడు. అట్లు చెప్పినవానిని కసరక దగ్గరకు పిలుచుట పెద్దలమైన మన కర్తవ్యము.