వెబ్‌సైటు నిర్వహణ: ఇంటి పని, బయటి పని

కోనసీమలో కొత్తపేట ప్రాంతమునందలి ఆత్రేయపురము పూతరేకులకు 2023లో భౌగోళిక గుర్తింపు లభించినది. పూర్వము వానిని కొనదలచినవారు ఆ ఊరికి పోవలసి వచ్చెడిది. నేడు దూరప్రాంతములవారును వెబ్‌సైటులో చూచి తెప్పించుకొనుచున్నారు. వెబ్‌సైటనగా రేయింబవళ్లు తలుపు తీసియుండు అంగడి. దానిని మన సిబ్బందియే నడుపవలెనా, బయటివారి సాయము పొందవలెనా అనునది చిన్న వ్యాపారుల కందరకును ఎదురగు ప్రశ్న.

సమాధానము పూతరేకుల వృత్తిలోనే కలదు. పలుచని బియ్యపుపిండిలో తడిపిన గుడ్డను వేడి కుండపై పరచి రేకు తీయుట మిక్కిలి నేర్పుగల పని. పెక్కు దుకాణములవారు ఇండ్లలో స్త్రీలు తీసిన రేకులను కొందురు. నేయి, పంచదార చేర్చి చుట్టుట మాత్రము తమ కన్నుల యెదుట జరిపింతురు. రుచి తప్పినచో నింద దుకాణమునకే గదా!

వెబ్‌సైటు విషయమును ఇట్టిదే. పుటలను తీర్చిదిద్దుట, సొమ్ము చెల్లించు మార్గ మమర్చుట, మరమ్మతులు చేయుట నిపుణుల పనులు. ఇందులకై నెలజీతముపై మనిషిని నియమించుట చిన్న సంస్థకు భారము. బయటివారికి అప్పగించుటయే మేలు. కాని నేటి ధర యెంత, సరుకున్నదా, ఏనాటికి చేరును అను సంగతులు మనకే తెలియును. సంక్రాంతికి ముందు ధర మారినచో, దానిని దిద్దుటకు ఎక్కడనో యున్న నిపుణునికై రెండు దినములు వేచియుండుట తగునా? దుకాణములో లెక్కలు వ్రాయువారికి ఆపాటి దిద్దుబాటు నేర్పిన చాలును.

మరి మూడు జాగ్రత్తలు మరువరాదు. డొమైను పేరు, అనగా వెబ్‌సైటు చిరునామా, యజమాని పేరనే నమోదు కావలెను. గడువు తీరకమునుపే రుసుము చెల్లింపవలెను. అది పనివాని పేరనున్నచో, అతడు విడిచిపోయిననాడు, మన పెట్టెలపై అచ్చువేసిన చిరునామా మనది కాకపోవచ్చును. రెండవది, బయటివారికి వేరుగా పాస్‌వర్డు నిచ్చి, పని ముగియగానే దానిని రద్దుచేయవలెను. మూడవది, వెబ్‌సైటు నకలు నొకదానిని ఎప్పటికప్పుడు మనయొద్ద భద్రపరచుకొనవలెను.

కొనుగోలుదారులు మనలను నమ్మి తమ పేరును, ఇంటి చిరునామాను, ఫోను నంబరును ఇచ్చుచున్నారు. 2023 నాటి డిజిటల్ వ్యక్తిగత సమాచార రక్షణ చట్టము, ఆ వివరములను సంస్థ తరఫున బయటివారు నిర్వహించినను, బాధ్యతను సంస్థపైననే యుంచినది. కనుక ఒప్పందమును వ్రాతమూలముగా చేసికొనవలెను.

కోనసీమ రైతు కొబ్బరి దింపునకు మనిషిని పిలుచును. కాయల లెక్క మాత్రము తానే చూచుకొనును. ఆ అలవాటునే మనము వెబ్‌సైటు నిర్వహణమునందును పాటింతము.