సింగపూర్‌లో ఒక రాత్రి: లేఓవర్‌ని రెండుసార్లు పాడుచేసుకుని మూడోసారి నేర్చుకున్నది

పోయిన ఎపిసోడ్ కింద చాలామంది ఒకటే అడిగారు. "అన్నా, ఆస్ట్రేలియా వెళ్తున్నాం, సింగపూర్‌లో రాత్రంతా ఆగాలి, పద్నాలుగు గంటలు ఏం చెయ్యాలి?" అని. దీని గురించి నాకంటే బాగా చెప్పేవాళ్లు ఉంటారేమో గానీ, నాకంటే బాగా పాడుచేసుకున్నవాళ్లు మాత్రం తక్కువే ఉంటారు. అందుకే ఈరోజు అదే మాట్లాడుకుందాం.

మాది నెల్లూరు. మాకు చెన్నై ఎయిర్‌పోర్టే దగ్గర. అక్కడ పొద్దున ఎక్కితే సాయంత్రం ఐదున్నరకి సింగపూర్ చాంగి ఎయిర్‌పోర్ట్. మెల్‌బోర్న్ ఫ్లైట్ మర్నాడు పొద్దున 7:40కి. మూడుసార్లు ఇదే టైమింగ్.

మొదటిసారి స్టూడెంట్‌గా వెళ్లా. ఫస్ట్ టైమ్ విమానం, ఫస్ట్ టైమ్ విదేశం. ఏం చేశానో తెలుసా? బ్యాగు ఒళ్లో పెట్టుకుని రాత్రంతా ఒకే కుర్చీలో కూర్చున్నా. కాఫీ రేటు చూసి రూపాయల్లో లెక్కేసుకుని, ఇంట్లోంచి తెచ్చుకున్న చపాతీలే తిన్నా. వైఫై దొరికాక నాయన ఫోన్ చేశాడు. మా నాయన లారీ డ్రైవర్. చెన్నై నుంచి కలకత్తా దాకా హైవే మీద ఆయన ఆగని ఊరు లేదు. "ఎట్టుంది అబ్బయ్యా సింగపూర్?" అన్నాడు. నేనేమన్నానంటే, "ఏసీ చల్లగా ఉంది నాయనా." అవతల కాసేపు మాట లేదు. తర్వాత నవ్వి, "నేను తునిలో రెండు గంటలు ఆగినా ఆ ఊరి సంగతి ఏదో ఒకటి తెచ్చి మీకు చెప్పేవాణ్ణి కదరా" అన్నాడు. ఆ మాట నాకు గుచ్చుకుంది.

అందుకే రెండోసారి కసిగా వెళ్లా. లిస్టు రాసుకున్నా. మెర్లయన్, మెరీనా బే శాండ్స్, చైనాటౌన్, లిటిల్ ఇండియా, షాపింగ్. ఒక్క రాత్రిలో ఐదు! పరిగెత్తా, ఫొటోలు తీశా, పరిగెత్తా. అర్ధరాత్రి దాటాక చూస్తే మెట్రో అయిపోయింది. అక్కడ మెట్రోని ఎంఆర్‌టీ అంటారు, రాత్రంతా నడవదు. ట్యాక్సీకి అర్ధరాత్రి నుంచి పొద్దున ఆరు దాకా మీటర్ మీద సగం అదనం. సరే, ఆ డబ్బులు పోతే పోయాయి. అసలు కథ తర్వాత ఉంది.

ఎయిర్‌పోర్ట్‌కి వచ్చి, లోపలికి కూడా వెళ్లకుండా బయటి హాల్లో బెంచీ మీద పడిపోయా. ఫోన్‌లో ఐదింటికి అలారం పెట్టా. ఇక్కడే దెబ్బ పడింది. సింగపూర్ టైం మనకంటే రెండున్నర గంటలు ముందు. నా ఫోన్‌లో అక్కడి సిమ్ లేదు, టైం మారలేదు. అంటే నా ఐదు అక్కడ ఏడున్నర. ఫ్లైట్ 7:40కి! అక్కడ ఊడుస్తున్న ఒక పెద్దావిడ నా కాలు తట్టి తమిళంలో, "తంబీ, ఫ్లైట్ ఎప్పుడు?" అని అడక్కపోతే, ఇవాళ ఈ వీడియో వేరేలా ఉండేది. అప్పటికి ఆరున్నర. ఎలా పరిగెత్తానో నాకే తెలుసు. ఆఖరివాణ్ణి నేనే.

మెల్‌బోర్న్ దిగి నాయనకి చెప్తే తిట్టాడు. తిట్టి ఒక మాట చెప్పాడు. "ఊళ్లో దిగంగానే చూసేదేందో కాదు అబ్బయ్యా, తిరిగొచ్చే బండి ఎప్పుడో ముందు కనుక్కో. ఆ తర్వాత మిగిలిన టైమే నీది." మీకు ఈ వీడియోలో గుర్తుండాల్సింది ఇదొక్కటే. మిగతాదంతా దీనికి వివరణ.

మూడోసారి ఎలా వెళ్లానో చెప్తా, మీకు పనికొచ్చేవి అందులోనే చెప్పుకుంటూ పోతా. ఈసారి నాతో అమ్మ ఉంది. ఆమెకి మోకాళ్ల నొప్పులు. నాయన అప్పటికి లేడు, ఆ ముందు ఏడాదే పోయాడు. ఇంట్లో ఒక్కతే ఉంటోందని కొన్నాళ్లు నా దగ్గర ఉంచుకుందామని తీసుకెళ్తున్నా.

ముందు కాగితాలు. మన పాస్‌పోర్ట్‌కి సింగపూర్ వీసా కావాలి. అయితే ఆస్ట్రేలియా, అమెరికా, కెనడా, బ్రిటన్ లాంటి కొన్ని దేశాల వీసా చేతిలో ఉండి, ముందుకెళ్లే టికెట్ కూడా ఉంటే, 96 గంటల దాకా వీసా లేకుండా ఊళ్లోకి వెళ్లనిచ్చే పద్ధతి ఉంది. దానికి షరతులున్నాయి. ఆఖరి మాట ఇమిగ్రేషన్ ఆఫీసర్‌దే. టికెట్ కొనేముందే వాళ్ల ఇమిగ్రేషన్ సైట్‌లో చూసుకోండి. బయటికి వెళ్లాలంటే ఎరైవల్ కార్డ్ ఆన్‌లైన్‌లో నింపాలి, దిగే రోజుతో కలిపి మూడు రోజుల లోపే. అది ఉచితం. డబ్బులడిగే సైట్ కనిపిస్తే వెంటనే మూసేయండి.

రెండోది లగేజీ. రెండు ఫ్లైట్లూ ఒకే టికెట్ మీద ఉంటే పెద్ద బ్యాగులు మామూలుగా నేరుగా వెళ్లిపోతాయి. చెన్నైలోనే గట్టిగా అడిగి, ట్యాగ్ మీద మెల్‌బోర్న్ అని ఉందో లేదో చూడండి. రెండో బోర్డింగ్ పాస్ కూడా అక్కడే తీసుకోండి. చవగ్గా వస్తోందని వేరువేరు టికెట్లు కొంటే, సింగపూర్‌లో బయటికొచ్చి బ్యాగులు తీసుకుని మళ్లీ చెకిన్ చెయ్యాలి. అప్పుడు వీసా సంగతి తప్పనిసరి. చేతి బ్యాగు దాచుకోవడానికి ఎయిర్‌పోర్ట్‌లోనే డబ్బులు తీసుకునే కౌంటర్ ఉంది.

ఇంకోటి. చూయింగ్ గమ్, వేప్, గుట్కా, ఖైనీ ఇవేవీ పట్టుకెళ్లొద్దు. అక్కడ నిషేధం. "ఒక్క ప్యాకెట్టే కదా" అనొద్దు.

ఇప్పుడు లెక్క వెనక నుంచి వేద్దాం. 7:40కి ఫ్లైట్. చాంగిలో ఒకటి, రెండు, మూడు టెర్మినళ్లలో సెక్యూరిటీ చెక్ గేటు దగ్గరే ఉంటుంది, కాబట్టి ఒక గంట ముందే గేటుకి చేరాలి. అంటే 6:40. లేవడం 5:30. ఐదు గంటల నిద్ర కావాలంటే పన్నెండున్నరకి పడుకోవాలి. అంటే ఊళ్లోంచి పదిన్నరకల్లా బయల్దేరాలి. ఇమిగ్రేషన్ అయ్యేసరికి ఆరున్నర. మిగిలింది నాలుగు గంటలు, అందులో పోయే దారే ఒక గంట. అమ్మ మోకాళ్లు లెక్కేసుకుని రెండే పెట్టుకున్నా. ఒక చోటు, ఒక భోజనం.

ఎంఆర్‌టీలో కార్డు ట్యాప్ చేసి వెళ్లొచ్చు, మన ఇంటర్నేషనల్ వీసా, మాస్టర్‌కార్డ్ పనిచేస్తాయి. కానీ మనిషికో కార్డు ఉండాలి, ఒకే కార్డుతో ఇద్దరూ వెళ్లడం కుదరదు. ఎయిర్‌పోర్ట్ నుంచి ఒక్క స్టేషన్ వెళ్తే ఎక్స్‌పో. అక్కడ నీలం రంగు డౌన్‌టౌన్ లైన్ ఎక్కితే నేరుగా బేఫ్రంట్. రైల్లో అమ్మ చెక్కల డబ్బా తీసింది. "అమ్మా, ఇక్కడ రైల్లో తింటే ఫైన్, ఐదువందల డాలర్ల దాకా వేస్తారు" అన్నా. డబ్బా మూత ఎంత గట్టిగా పెట్టిందో, తర్వాత నాకే రాలేదు.

బేఫ్రంట్ స్టేషన్ నుంచి మెల్లగా నడిస్తే సూపర్‌ట్రీస్. ఇనుముతో, మొక్కలతో కట్టిన చెట్లు, కొన్ని యాభై మీటర్ల ఎత్తు. రోజూ సాయంత్రం 7:45కీ 8:45కీ పాటలతో లైట్ల షో, ఉచితం. జనం నేల మీద పడుకుని చూస్తారు. అమ్మ కూడా కొంగు సర్దుకుని పడుకుంది. షో అయ్యేదాకా ఒక్క మాట లేదు. నేనూ ఫోన్ తియ్యలేదు.

తర్వాత అదే నీలం లైన్‌లో నాలుగు స్టేషన్లు వెళ్తే లిటిల్ ఇండియా. సెరంగూన్ రోడ్‌లో 1947 నుంచి నడుస్తున్న కోమల విలాస్‌లో దోశ, కాఫీ. వడ్డించినాయన తమిళంలో అడుగుతుంటే, అమ్మ నెల్లూరు తెలుగులో జవాబిస్తోంది. ఇద్దరికీ అర్థమైపోయింది! "పరాయి దేశం అన్నావే, ఇది చెన్నైలానే ఉంది కదరా" అంది.

ఇంకా చూడాలనిపించింది. కానీ ఫోన్‌లో అలారం మోగింది, పది ఇరవై. లేచాం. పన్నెండు లోపే ఎయిర్‌పోర్ట్ లోపల ఉన్నాం. లోపల వాలు కుర్చీలుండే స్నూజ్ లాంజ్‌లు ఉచితం. డబ్బులు కడితే స్నానానికి షవర్ కూడా ఉంది. అలారం పెట్టేముందు ఫోన్‌లో సింగపూర్ టైం ఉందో లేదో రెండుసార్లు చూసుకున్నా. ఈ పని మీరూ చెయ్యండి.

వీసా కుదరనివాళ్లు దిగులుపడొద్దు. బయటికి వెళ్లకపోయినా టెర్మినల్ 2, 3 మధ్య స్కైట్రైన్ ఎక్కండి. జ్యువెల్‌లో ఉన్న నలభై మీటర్ల జలపాతం పక్కనుంచే వెళ్తుంది. టెర్మినల్ 3 లోపల సీతాకోకచిలుకల తోట ఉంది. నాలా కుర్చీలో మాత్రం గడపొద్దు.

పడుకునేముందు అమ్మ ఒక మాట అంది. "పదీ ఇరవైకి లేపావే, అచ్చం మీ నాయనే. ఆయనా అంతే, టీ గ్లాసు చేతిలో ఉన్నా టైం కాంగానే లేచేవాడు." కాసేపాగి మళ్లీ, "ఆయనుంటే ఇంటికి ఫోన్ చేసి ఎట్టుందని అడిగేవాడు గదా" అంది.

అప్పుడు నేనే అడిగా, "ఎట్టుందమ్మా సింగపూర్?" అని.

అరగంట చెప్పింది. చెట్లు, లైట్లు, దోశ, వడ్డించినాయన, రైల్లో ఎదురుగా నిద్రపోయిన పిల్లాడు. నేను గమనించనివి కూడా చెప్పింది.

సరే మరి, మీరు ఏ ఊళ్లో ఆగారు, ఏం చూశారు, కామెంట్స్‌లో రాయండి. ఇంటికి ఫోన్ చేసి కూడా చెప్పండి. వచ్చేవారం కలుద్దాం. ఉంటానండి.