ఒట్టు పెట్టించి కొనే ఓటు
(యువజన సమావేశంలో చేసిన ప్రసంగ పాఠం)



ఆటపాటల మధ్య ఎన్నికల మాటెందుకని మీకు అనిపించవచ్చు. ఫేటియా, కాంచళి ఎంత మన సంస్కృతో, ఇచ్చిన మాట మీద నిలబడటం కూడా అంతే మన సంస్కృతి. ఇప్పుడు ఆ మాటనే బేరానికి పెడుతున్నారు. అందుకే ఇక్కడ మాట్లాడుతున్నాం.

2022 నవంబర్ 3న జరిగిన మునుగోడు ఉప ఎన్నిక మీకు గుర్తుండే ఉంటుంది. అది జనరల్ సీటు. అయినా సంస్థాన్ నారాయణపురం వైపు మన తాండాలు చాలానే ఉన్నాయి. 2 లక్షల 41 వేల పైచిలుకు ఓటర్లలో 93 శాతం మంది ఓటేశారు. మెజారిటీ 10 వేల చిల్లర. ఓటుకు వేలల్లో పంచారని పార్టీలు ఒకదాని మీద ఒకటి ఆరోపించుకున్నాయి. తనిఖీల్లో నగదు పట్టుబడింది. అనుకున్నంత డబ్బు అందలేదని కొన్ని ఊళ్లలో జనం నిలదీసినట్టు వార్తలు వచ్చాయి. అంతకు ఏడాది ముందు హుజూరాబాద్‌లోనూ కవర్ల గొడవ ఇలాగే రోడ్డెక్కింది. ఎవరు ఎంత పంచారో తేల్చడానికి మేం రాలేదు.

అవే రోజుల్లో జరిగిన ఇంకో సంగతి చూడండి. గిరిజనుల రిజర్వేషన్ 6 నుంచి 10 శాతానికి పెంచే బిల్లును రాష్ట్ర శాసనసభ 2017లోనే ఆమోదించింది. ఆ తర్వాత ఐదేళ్లు కదలిక లేదు. 2022 సెప్టెంబర్ 30న జీవో 33 వచ్చింది. మూడు రోజులకు మునుగోడు షెడ్యూలు వచ్చింది. రెండింటికీ సంబంధం ఉందో లేదో మీరే ఆలోచించుకోండి. మాకు మాత్రం మన ఓటు అసలు బరువు అక్కడ కనబడింది. ఆ బరువు తెలిసినవాళ్లే దాన్ని నోట్లలో తేల్చేయాలని చూస్తారు.

తాండాలో ఈ బేరం ఎలా సాగుతుందో మీకు తెలియంది కాదు. ఇంటింటికీ తిరగరు. నలుగురు పెద్దలతో మాట్లాడి, మొత్తం తాండాకు ఇంత అని ముట్టజెబుతారు. తర్వాత సేవాలాల్ మహారాజ్ ఫొటో మీదో, మేరామా యాడీ పేరు మీదో ఒట్టు వేయిస్తారు. ఆ ఒట్టుకు భయపడే ముసలి యాడీలను ఎగతాళి చేయకండి. వాళ్లది నిజాయితీ. తప్పంతా ఆ నిజాయితీని తాకట్టు పెట్టించుకునేవాడిదే.

భయానికి ఇంకో కారణం కూడా ఉంది. ఎవరు ఎవరికి వేశారో యంత్రం చెప్పదు. వీవీప్యాట్‌లో చీటీ ఏడు సెకన్లు కనబడి పెట్టెలో పడిపోతుంది. కానీ లెక్కింపు బూత్‌లవారీగా జరుగుతుంది. తాండాకు ఒక్కటే బూత్ అయితే తాండా మొత్తం ఎటు వేసిందో అందరికీ తెలిసిపోతుంది. అందుకే తర్వాత రోడ్డు ఆపేస్తారేమోనని నాయక్ వెనకాడతాడు. కొన్ని బూత్‌లను కలిపి లెక్కించే టోటలైజర్ యంత్రం వాడదామని ఎన్నికల సంఘం 2008లోనే అడిగింది. లా కమిషన్ 2015లో సమర్థించింది. కేంద్రం మాత్రం ఒప్పుకోలేదు. మన సంఘాలు అడగాల్సినవాటిలో ఇదొకటి. ఇంతవరకు ఏ వినతిపత్రంలోనూ మాకు కనబడలేదు.

ఇక మీ సంగతి. పేర్ల జాబితా రాసేది, బండి మీద కవర్లు మోసేది, ఫోన్లో డబ్బు పంపేది ఎక్కువగా కుర్రాళ్లే. ఫోన్లో పంపిన ప్రతి రూపాయికీ లెక్క మిగులుతుంది. భారతీయ న్యాయ సంహిత 170, 173 సెక్షన్ల కింద ఇచ్చినవాడితోపాటు తీసుకున్నవాడికీ ఏడాది వరకు జైలు పడవచ్చు. ఉద్యోగానికి చదువుకుంటున్న పిల్లవాడికి ఆ కేసు ఎంత ఖరీదో చెప్పనక్కర్లేదు. ఫలానావాళ్లకే వేయాలని బెదిరిస్తే ఎస్సీ, ఎస్టీ అత్యాచారాల నిరోధక చట్టం కిందా నేరమే. డబ్బు పంచుతుంటే సీ-విజిల్ యాప్‌లో ఫొటో పెట్టవచ్చు, మీ పేరు బయటికి రాకుండా.

నాయక్, కార్బారీలను మేం అడిగేది ఒక్కటే. నోటిఫికేషన్ రాకముందే తాండా పంచాయితీ పెట్టి, దేవుడి ఫొటోను ఏ పార్టీవాళ్లనూ ముట్టనివ్వమని అందరి ముందూ చెప్పండి. డబ్బు విషయం తర్వాత, ముందు ఆ ఒట్టు ఆగాలి.

18 నిండినా ఓటరు జాబితాలో పేరు లేనివాళ్లు ఆరో నంబరు ఫారం నింపాలి. ఫారాలు బయట బల్ల మీద ఉన్నాయి. భోజనాలకు కూర్చునేలోపే నింపి ఇవ్వండి.