అచ్చుకు పంపే ముందు

(ఉగాది సభలో చేసిన ప్రసంగ పాఠం)



పంచాంగ శ్రవణం అయిన తరువాత మమ్ములను కూడా నాలుగు మాటలు చెప్పమని కార్యదర్శిగారు ఆజ్ఞాపించారు. మేము మెట్రిక్ వరకు చదివి రైల్వేలో గుమాస్తా పని చేసుకొనేవారమే గాని పండితులము కాము. కావున మా పనిలో తెలిసిన ఒక్క సంగతిని మనవి చేస్తాము. వ్రాసినదానిని పదిమంది ముందు పెట్టబోయే ముందు ఏమేమి నిర్ణయించుకోవలెను?

తెలుగు అచ్చుకూ ఈ నగరానికీ పాత చుట్టరికమున్నది. కాశీనాథుని నాగేశ్వరరావు పంతులుగారు 1908లో ఆంధ్రపత్రికను నాటి బొంబాయిలోనే వారపత్రికగా ప్రారంభించారు. 1914లో అది మద్రాసు చేరి దినపత్రిక అయినది. ఆ రోజులలో అమలులో ఉన్నది 1867 నాటి చట్టం. అచ్చైన ప్రతి పుస్తకం మీద, పత్రిక మీద ముద్రించినవారి పేరు, ప్రచురించినవారి పేరు, ఆ స్థలాలు ఉండవలెనని దాని ఆజ్ఞ. 2023లో చేసిన కొత్త చట్టం 2024 మార్చిలో దాని స్థానంలోకి వచ్చినది. చట్టం మారినా ప్రశ్న మారలేదు: ఈ మాటకు జవాబుదారీ ఎవరు?

మా ఆఫీసులో ఏ కాగితమైనా ముందు డ్రాఫ్టుగానే పుడుతుంది. పై అధికారి దిద్ది సంతకం చేసిన తరువాతనే అది ఉత్తరువు. ఏ తారీఖు నుండి అమలు, ఎవరెవరికి కాపీ అన్నది అందులోనే వ్రాసి ఉంటుంది. తప్పు దొరికితే సవరణ చీటీ పంపుతారు. మొదటి కాగితం ఎక్కడెక్కడికి పోయినదో, ఆ చీటీ కూడా అక్కడికంతా పోవలెను.

ఇంత తెలిసి కూడా మేము ఒకసారి పొరపాటు చేశాము. ఫాక్‌లాండ్ రోడ్ పక్క సందులో మా చాల్ ఉన్నది. నీళ్ల మోటారు మరమ్మతుకు చందా ఇవ్వనివారి పట్టీని మేమే వ్రాశాము. రసీదులతో సరిచూడవలసిన చిత్తుప్రతి అది. నైట్ డ్యూటీకి పోయే తొందరలో దానిని మెట్ల దగ్గరి బల్ల మీద వదిలిపెట్టాము. ఎవరో కుర్రవాడు నోటీసు కాబోలునని గోడకు అంటించాడు. తెల్లవారేసరికి మూడు అంతస్తులవారూ చదివారు.

అందులో ఒక ముసలి మేస్త్రీగారి పేరున్నది. ఆయన అప్పటికే చందా ఇచ్చి రసీదు పుచ్చుకొన్నాడు. మేమే పుస్తకంలో ఎక్కించలేదు. ఆయన రసీదు తెచ్చి మా చేతిలో పెట్టాడు. తప్పు మాదేనని మెల్లగా చెప్పబోయాము. "నలుగురిల నా పేరు ఎక్కిస్తివి బిడ్డా, ఇప్పుడు చెవుల చెప్తే తీరుతదా?" అన్నాడు.

అదే గోడ మీద, అంతే పెద్ద అక్షరాలతో, మా సంతకంతో క్షమాపణ అంటించాము. మరుసటి నెల సమావేశానికి ఆయన వచ్చాడు గాని ఆనాడు మాతో మాట్లాడలేదు.

ఇప్పుడు అందరి చేతిలోనూ ఫోనున్నది, అందరమూ ప్రచురణకర్తలమే. ఎవరు చూడవలెను, ఎప్పుడు వెలువడవలెను, జవాబు వ్రాయనిత్తువా అని ఆ ఫోనే అడుగుతుంది. మనము చదవకుండా 'సరే' నొక్కుతాము. తరువాత తుడిచివేయవచ్చునందురా? తెర మీద తుడువగలము గాని చదివినవాని మనసులో తుడువలేము.

కావున అయిదు ప్రశ్నలు జ్ఞాపకముంచుకొనవలసినదిగా కోరుతున్నాము. ఇది చిత్తుదా, సరిచూచినదా? ఏ దినమున వెలువడవలెను? ఎవరి కంట పడవలెను, ఎవరి కంట పడరాదు? ఎవరి పేరున పోవుచున్నది? నొచ్చుకొన్నవారు జవాబు చెప్పుకొనుటకు చోటున్నదా?

ఈ కామాఠీపురకు పేరు తెచ్చినవారు ఇళ్లు కట్టిన మన కామాఠీలు. రాయి వంకరగా కూర్చుంటే మేస్త్రీ సున్నం ఆరకముందే సరిచేస్తాడు. ఆరిన తరువాత గోడ పగులగొట్టవలసినదే. వ్రాత కూడా అంతేనని మాకు ఆ పెద్దాయన నేర్పాడు.

ఈ ప్రసంగాన్ని సంచికకు ఇచ్చే ముందు రెండుసార్లు సరిచూచాము. ఇంకను తప్పులుంటే మా పేరునే వ్రాయండి. వచ్చే సంచికలో ఇదే చోట దిద్దుకొంటాము.

అందరికీ నూతన సంవత్సర శుభాకాంక్షలు. సెలవు.