తేనె, నెయ్యి, ఆల్చిప్పలు

 

మా అమ్మమ్మ తేనె, నెయ్యి సమపాళ్లలో కలపనిచ్చేది కాదు. విడిగా రెండూ మంచివే, సమంగా కలిస్తే విషమనేది. ఆ నమ్మకం మాట అటుంచండి. పాళ్లను బట్టి గుణం మారుతుందన్న ఆ ఆలోచన మాత్రం నన్ను ఆల్చిప్పల విషాలను పరీక్షించే ప్రయోగశాల దాకా వెంబడించింది.

1995 నవంబరులో నెదర్లాండ్స్‌లో కొందరు ఆల్చిప్పలు తిని వాంతులు, విరేచనాలతో మంచం పట్టారు. అవి ఐర్లండ్‌లోని కిల్లరీ హార్బర్ నుంచి వచ్చిన సరుకు. లక్షణాలేమో 1970ల్లో జపాన్ శాస్త్రవేత్త యాసుమోతో బృందం వర్ణించిన గుల్లల విరేచన విషానివే. కానీ దానికి కారణమయ్యే ఒకడాయిక్ ఆమ్లం ఆ ఆల్చిప్పల్లో అంతంతమాత్రం. వెతగ్గా వెతగ్గా బయటపడిన కొత్త విషమే అజాస్పిరాసిడ్.

ఈ విషాలు ఆల్చిప్ప సొంతం కావు. సముద్రంలో తేలే సూక్ష్మజీవులవి. ఆల్చిప్ప నీటిని వడగట్టుకుని బతుకుతుంది గనుక, ఆ నీటిలో ఎన్ని రకాల విషాలుంటే అన్నీ దాని ఒంట్లో చేరతాయి. ఉడికించినా పోవు.

ఇక చట్టం సంగతి. యూరప్‌లో కిలో మాంసానికి ఒకడాయిక్ వర్గం 160 మైక్రోగ్రాములు దాటకూడదు. అజాస్పిరాసిడ్‌లకూ పరిమితి 160. ఒకే ఆల్చిప్పలో ఇది 150, అది 150 ఉన్నాయనుకోండి. రెండు పరీక్షల్లోనూ పాసై అది బజారుకు వస్తుంది. తిన్నవాడి పేగుకు మాత్రం రెండూ ఒకే ముద్దలో అందుతాయి. నన్ను నిద్రపోనివ్వని లెక్క ఇదే.

పేగుకు ఏమవుతుందో చూడటానికి మేం వాడేది కాకో-2 కణాలు. డెబ్బై రెండేళ్ల పెద్దాయన పెద్దపేగు క్యాన్సర్ కణితి నుంచి తీసిన కణాల సంతతి అవి. 21 రోజులు ఓపిగ్గా పెంచితే ఒకదాన్నొకటి పట్టుకుని, చిన్నపేగు లోపలి పొరలా సర్దుకుంటాయి. ఒకసారి పద్దెనిమిదో రోజున బూజు పట్టి అంతా పారబోయాల్సి వచ్చింది. ఆ రోజు ఏడ్చాను.

ఒకడాయిక్ ఆమ్లం కణంలో ఫాస్ఫటేజులనే ఎంజైముల్ని అడ్డుకుంటుంది. ప్రోటీన్లకు తగిలించిన ఫాస్ఫేట్లు ఊడవు, కణాల మధ్య అతుకులు సడలుతాయి. కణం ఊరుకోదు, తన పంపులతో ఆ విషాన్ని వెనక్కి తోస్తుంది. మరి అదే వేళకు రెండో విషమూ వస్తే? ఫ్రాన్స్‌లోని ఫూజేర్‌లో పరిశోధకులు ఇలాంటి విషాలను జంటలుగా ఈ కణాలకు ఇచ్చి చూశారు. ఒక్కో జంట ఒక్కో తీరు. కొన్ని చోట్ల బలాలు కూడినంతే, కొన్ని చోట్ల అంతకు మించి, మరికొన్ని చోట్ల ఒకటి రెండోదాన్ని తగ్గించింది. మోతాదు మారితే అదే జంట తీరు మారింది. ఇలాంటి మిశ్రమాల ప్రమాదాన్ని ఒక్క కూడికతో తేల్చేయాలనుకునేవాళ్లతో నేను ఏకీభవించలేను.

మన కాకినాడ తీరంలోనూ గుల్లలు ఏరి బతికే కుటుంబాలున్నాయి. ఆ గుల్లల్లో ఏ విషం ఎంతుందో మాత్రమే కాదు, ఏది దేనితో కలిసి ఉందో చూసే పని ఇవాళ పట్టాలు అందుకుంటున్న మీలో ఎవరైనా తలకెత్తుకుంటే నా ప్రయోగశాలకు రండి. మొదటి 21 రోజులూ మీ పక్కనే కూర్చుంటాను.